తిప్పేవన్నీ ఫ్యాన్లే

నాంచారమ్మగారి కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేసిన డాక్టరు, కట్టు విప్పాక ఒక్క మాట చెప్పాడు. "కొన్నాళ్ళు ఇంట్లో లైటు కాస్త తక్కువగా ఉంచండమ్మా." ఆ మాటకి ఒక పెద్ద సంస్థలో రెండు విభాగాలు కదులుతాయని ఆయన ఊహించి ఉండడు. ఊహించి ఉంటే కంటిమీద కొంగు కప్పుకోమని చెప్పి పంపించేసేవాడు.

"నాకున్న చూపు చాల్లే" అని మొండికేసిన అత్తగారిని ఒప్పించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది కోడలు ముక్తేశ్వరే. అందుకని ఆ కన్ను నీరు కారినా, ఎర్రబడినా, ఆ తప్పు తనదేనన్నట్టు ఆమె కంగారుపడిపోయేది. డాక్టరు మాట చెవిన పడిన దగ్గర్నుంచి ఆమె హాల్లో లైటు వైపే చూస్తోంది.

వాళ్ళుండేది సంస్థ వారి క్వార్టరు. ముక్తేశ్వరి అదే సంస్థలో అకౌంట్సు సెక్షన్లో పనిచేస్తుంది. భర్త తాతబ్బాయి ఊళ్ళో బడిలో హిందీ మాస్టారు. హాలు నడిమధ్య ఒక్కటే లైటు. వేస్తే పట్టపగలు, ఆర్పితే చిమ్మచీకటి. వెలుతురుని కావలసినంత పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ డిమ్మర్ అని ఒక మీట దొరుకుతుందని అందరికీ తెలుసు. బజార్లో కొని బిగించుకోవచ్చు కూడా. కానీ ఆ కాలనీలో గోడకి మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. ముక్తేశ్వరి దరఖాస్తు పెట్టింది.

ఎవరూ నమ్మని సంగతి ఏమిటంటే, అది వెంటనే మంజూరైంది. అది సంస్థలో సిబ్బంది సంక్షేమ మాసం. నెలాఖరు దగ్గరపడినా ఎవరికీ ఏ సంక్షేమమూ జరగలేదని పైవాళ్ళు కంగారుపడుతున్న సమయంలో ఈ దరఖాస్తు వచ్చింది. వెలుతురు విభాగం అసిస్టెంట్ ఇంజనీరు అనంతశయనం మనుషుల్ని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చాడు. నొక్కే స్విచ్చి తీయించి, దాని స్థానంలో గుండ్రటి మీట పెట్టించి, దానిమీద చెయ్యి వేసి ఫొటో తీయించుకున్నాడు. సంక్షేమం జరిగిందని చెప్పి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ముక్తేశ్వరి మీట తిప్పింది. లైటు బుద్ధిగా తగ్గింది. అత్తాకోడళ్ళిద్దరూ సంతోషించారు. వాళ్ళ సంతోషం ఇంకా మొహాల మీద ఉండగానే బల్బు మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. మీట లోపల్నుంచి జుమ్మని ఒక రొద, దోమ చెవిలో దూరి కాపురం పెట్టినట్టు. పూర్తిగా తిప్పేసి ఆర్పేద్దామంటే ఆరదు. గాజు లోపల సన్నగా ఒక వెలుగు మిగిలే ఉంది.

"ముక్తా, ఈ లైటుకి కూడా ఆపరేషన్ అవసరమేమోనే" అంది నాంచారమ్మ కన్ను తుడుచుకుంటూ.

ఆదివారం పొద్దున్నే తాతబ్బాయి మెయిన్ ఆపేసి, టెస్టరు పెట్టి కరెంటు లేదని నిర్ధారించుకుని, మీట విప్పి చూశాడు. లైను తీగ లోపలికి వస్తోంది, రెండో తీగ లైటుకి పోతోంది. మరలన్నీ బిగుతుగానే ఉన్నాయి. అంతా సవ్యంగా ఉండి కూడా పనిచెయ్యకపోవడం ఆయనకి కొత్తేమీ కాదు, బళ్ళో పిల్లలకి వ్యాకరణం చెప్పే మనిషి. కాసేపు ఆలోచించి, అటకమీద నుంచి బల్బు తాలూకు అట్టపెట్టె దింపి చదివాడు. అడుగున చిన్న అక్షరాలతో ఉంది, డిమ్మర్‌తో వాడరాదని.

"ఇదీ సంగతి" అన్నాడు. "దీనికీ బల్బుకీ పడదు. డిమ్మర్‌కి సరిపడే రకం వేరే ఉంటుంది. అది వేస్తే మిణుకూ ఉండదు, రొదా ఉండదు."

"అయితే కొనుక్కొచ్చెయ్యండి."

"నీ ఇంక్రిమెంటు?"

ముక్తేశ్వరి అట్టపెట్టె మూసి పక్కన పెట్టింది. క్వార్టర్లలో సంస్థ స్టోర్సు ఇచ్చిన బల్బు తప్ప వేరేది పెట్టకూడదు. పక్క వీధిలో ఒకాయన సొంత బల్బు పెట్టుకున్న పాపానికి ఇంక్రిమెంటు పోగొట్టుకుని, ఇప్పటికీ పండగలకి దీపాలు పెట్టాలంటే భయపడుతున్నాడు.

మర్నాడు ఆమె వెలుతురు విభాగానికి వెళ్ళింది. అట్టపెట్టె కూడా చేత్తో పట్టుకెళ్ళింది.

అనంతశయనం అంతా విన్నాడు. "మీరు చెప్పేది నూటికి నూరుపాళ్ళు సబబేనండి" అన్నాడు. "బల్బు మార్చాలి. ఐతే ఆ బల్బు మా పరిధిలో లేదండి."

"బల్బు వెలుతురు విభాగానిది కాదా అండి?"

"సాధారణంగా మాదేనండి. కానీ విభాగాలు ఏర్పడినప్పుడు పని విభజన జరిగింది. నొక్కితే పనిచేసేవి వెలుతురు విభాగానికి, తిప్పితే పనిచేసేవి గాలి విభాగానికి. మీ లైటుని మీరు నొక్కుతున్నారా, తిప్పుతున్నారా?"

"తిప్పుతున్నామండి."

"చూశారా. తిప్పేది ఫ్యాను. మీ హాల్లో ఉన్నది ఫ్యాను."

ముక్తేశ్వరి అతని మొహంలోకి చూసింది. ఎక్కడా నవ్వు లేదు.

"అది వెలుగుతుంది కదండీ."

"వెలుగుతుందండి, కాదనను. అది దాని లక్షణం. మేము లక్షణాన్ని బట్టి పోము, మీటని బట్టి పోతాం. గాలి విభాగంలో దైవాధీనంగారిని కలవండి."

గాలి విభాగం డివిజనల్ ఇంజనీరు దైవాధీనం కొన్నాళ్ళుగా దిగులుగా ఉంటున్నాడు. అధికారుల గదుల్లోకి ఏసీలు వచ్చి ఒక్కొక్క ఫ్యానే దిగిపోతోంది. ఏసీలకి మీట లేదు, రిమోటు ఉంది. అది నొక్కేది కాబట్టి వెలుతురు విభాగానికి పోయింది. అలాంటి రోజుల్లో ఒక మనిషి తనంతట తాను నడిచొచ్చి మా ఇంట్లో మీ ఫ్యాను ఒకటుందని చెప్పడంతో ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండమ్మా. టీ తాగుతారా? ఫ్యాను పరిస్థితి ఎలా ఉంది?"

"మిణుకుమిణుకుమంటోందండి. బల్బు మార్చాలి."

"తప్పకుండా వచ్చి చూస్తాం. మా ఫ్యాను మేము చూసుకోకపోతే ఎవరు చూస్తారు?"

చెప్పినట్టే వచ్చాడు. నాంచారమ్మని సరిగ్గా లైటు కింద కూర్చోబెట్టి, మీట మొత్తం తిప్పాడు. ఆవిడ కంటిమీద కొంగు కప్పుకుంది.

"గాలి వస్తోందామ్మా?"

"రాట్లేదు బాబూ."

"ఇప్పుడు?"

"అబ్బే. కళ్ళలో పొడిచినట్టుంది గానీ గాలెక్కడిది."

దైవాధీనం తల పంకించి సహాయకుడి వైపు తిరిగాడు. "ఫ్యాను ఉంది, గాలి లేదు. కారణం రెక్కలు లేకపోవడం. రాసుకో."

"రెక్కలు కాదండి, బల్బు" అని ముక్తేశ్వరి అట్టపెట్టె ముందుకి చాపింది. ఆయన దాన్ని గౌరవంగా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు. "ఇది బల్బు పెట్టెమ్మా. ఫ్యాను పెట్టె ఉంటే వెతికి ఉంచండి."

వారం తిరక్కుండా మనుషులొచ్చి బల్బు హోల్డరు చుట్టూ మూడు ఇనప రెక్కలు బిగించారు. మోటారు లేదు కాబట్టి అవి తిరగవు. ఆ సంగతి తాతబ్బాయి మర్యాదగానే అడిగాడు. రెక్కలు మంజూరయ్యాయి గానీ తిరగడం ఇంకా మంజూరు కాలేదని వాళ్ళు చెప్పారు. ఆ రాత్రి నుంచి హాలు గోడలమీద మూడు పొడుగాటి నీడలు పడి, బల్బు మిణుకుకి తగ్గట్టు వణుకుతూ ఉండేవి. తిరగని రెక్కల నీడలు తిరుగుతున్నట్టే కనిపించేవి. నాంచారమ్మకి తలనొప్పి పట్టుకుంది. పొద్దుగూకితే చాలు పెరటి గుమ్మంలో కూర్చుని, లోపలికి రమ్మంటే "ఆ గబ్బిలం కింద నేను కూచోలేనే ముక్తా" అనేది. అసలే చలి మొదలైంది. ముక్తేశ్వరి శాలువా తెచ్చి కప్పి, పక్కనే కూర్చునేది. అత్తగారి కంట్లో నీళ్ళు చలికి వస్తున్నాయా, లైటుకి వస్తున్నాయా, తన మీద కోపానికి వస్తున్నాయా అని అడగడానికి ధైర్యం చాలేది కాదు.

"నన్ను తిట్టుకుంటున్నారా అత్తయ్యా?" అని ఒకరోజు అడిగేసింది.

"నిన్నెందుకే. కన్ను శుభ్రంగా కనిపిస్తోంది. కనిపించేదే బాగాలేదు" అంది నాంచారమ్మ.

చలికాలం వచ్చిందంటే సంస్థలో ఏటా ఒక ఆదేశం వెలువడుతుంది. పొదుపు నిమిత్తం వేసవి వచ్చేదాకా క్వార్టర్లలో ఫ్యాన్లు వాడరాదు. దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు. చలిలో ఫ్యాను ఎవరు వేసుకుంటారు? ఈ ఏడు మాత్రం దైవాధీనం మనుషులు ముక్తేశ్వరి ఇంటికొచ్చి, హాల్లో మీటని ఆర్పేవైపు ఆఖరుకంటా తిప్పి, గుడ్డ చుట్టి, లక్కతో సీలు వేసి వెళ్ళారు. హాల్లో చీకటి పడింది. సరిగ్గా చెప్పాలంటే, ముప్పాతిక చీకటి పడింది. ఆ బల్బు పూర్తిగా ఆరే రకం కాదని మొదట్నుంచీ మొత్తుకుంటున్నదే కదా. సీలు వెనక నుంచి జుమ్మంటూ, గాజులోపల సన్నగా వెలుగుతూనే ఉంది.

ఆ తరవాత రెండు నోటీసులు ఒకే జవాను చేతిలో, ఒకే పూట వచ్చాయి. మొదటిది గాలి విభాగం నుంచి. సీలు వేసిన ఫ్యానును నిషిద్ధ కాలంలో స్వల్ప వేగంతో నడుపుతున్నట్టు తనిఖీలో తేలింది, సంజాయిషీ ఇవ్వవలసింది. రెండోది వెలుతురు విభాగం నుంచి. హాలులో దీపసౌకర్యమే లేనట్టు తమ లెక్కల్లో తేలినందున ఆ క్వార్టరు నివాసయోగ్యం కాదని, నెలలోగా ఖాళీ చేయవలసిందని.

తాతబ్బాయి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. "ఒకాయన వెలుగుతోందని కోప్పడుతున్నాడు, ఇంకొకాయన వెలగట్లేదని వెళ్ళిపొమ్మంటున్నాడు. ఇద్దరూ చూసేది ఒకే బల్బుని."

ముక్తేశ్వరికి నవ్వు రాలేదు. ఈ ఇల్లు పోతే బజారు దగ్గర మేడమీద అద్దెకి వెళ్ళాలి. అక్కడి మెట్లు అత్తగారు ఆపరేషనైన కన్నుతో ఎక్కాలి. చీరకొంగు నడుముకి బిగించి నేరుగా చీఫ్ ఇంజనీరు వామనమూర్తిగారి దగ్గరికి వెళ్ళింది. రెండు విభాగాలకీ ఆయనే పెద్ద. ఆయన ఆమె చెప్పింది కళ్ళు మూసుకుని విని, "విచారణ జరిపిస్తాను. నేనే వస్తాను" అన్నాడు. అలా అన్నవాళ్ళెవరూ రారని ఆమెకి తెలుసు. కానీ వామనమూర్తి వచ్చాడు. ఆయనకి విచారణలంటే ఇష్టం.

ఆయన వెనక అనంతశయనం, దైవాధీనం చేతులు కట్టుకుని నిలబడ్డారు. పెరటి గుమ్మంలో ఉన్న నాంచారమ్మని లోపలికి పిలిచారు.

"వెలుతురు విభాగం వాదన ఏమిటి?" అన్నాడు వామనమూర్తి.

"ఇది లైటు కాదు సార్. తిప్పేది. కాబట్టి ఇక్కడ లైటు లేదు."

"గాలి విభాగం?"

"ఇది ఫ్యానే సార్. గాలి ఇవ్వకపోవడం దీని బలహీనత. దానికి రెక్కలు ఇచ్చి ప్రోత్సహించాం."

వామనమూర్తి తలెత్తి రెక్కల మధ్య ఉన్న బల్బుని చాలాసేపు చూశాడు. ఇద్దరి వాదనలోనూ ఆయనకి దోషం కనిపించలేదు.

"బాబూ" అంది నాంచారమ్మ. "ఆ లక్క తీసి ఒక్కసారి తిప్పి చూడండి. మీకే తెలుస్తుంది."

ఆయన స్వయంగా సీలు విప్పి మీట తిప్పాడు. హాలు మెల్లగా తెల్లబడింది. వెనక్కి తిప్పాడు. మెల్లగా మసకబారింది. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. ఎన్నో ఏళ్ళుగా ఆయన చేతిలో సంతకం తప్ప వేరే ఏదీ వెంటనే ఫలితం ఇవ్వలేదు. ఆయన మొహం మీద ఒక చిన్నపిల్లాడి ఆనందం తొంగిచూసింది. బల్బు మిణుకుమన్నా ఆయన పట్టించుకోలేదు. మీట వదలడానికి మనసొప్పక అలాగే నిలబడ్డాడు.

అకౌంట్సులో ఇన్నేళ్ళు పనిచేసి ముక్తేశ్వరి చూసిందల్లా ఏ వస్తువు ఏ హోదావాళ్ళకి అన్న లెక్కే. సోఫాకి ఒక హోదా, పూలకుండీకి ఒక హోదా, గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టాకి ఒక హోదా. ఆయన వేళ్ళు మీటని విడవకపోవడం చూడగానే ఆమెకి దారి కనిపించింది.

"ఒక చిన్న సందేహమండి" అంది నెమ్మదిగా. "ఇలా వెలిగే ఫ్యాను మా హోదాకి రావచ్చా అండి? ఆడిట్‌లో అడుగుతారేమోనని భయంగా ఉంది."

దైవాధీనం గొంతు సవరించుకున్నాడు. "ఆలోచించాల్సిన విషయమే సార్. చప్పుడు చేసే ఫ్యాను గుమస్తా స్థాయికి, చప్పుడు లేనిది అధికారి స్థాయికి. ఇది తిరగనే తిరగదు. కాంతి కూడా ఇస్తుంది. ఇది తమరి స్థాయికి తక్కువ వాళ్ళకి ఇవ్వదగ్గది కాదు."

"నిబంధన అంటే నిబంధనే" అన్నాడు వామనమూర్తి, బాధపడుతున్నట్టు.

ఇక్కడ ముక్తేశ్వరికి తెలిసి తెలిసి పనికిరాని సరుకు అంటగడుతున్నానే అనిపించింది. లోపలికెళ్ళి అట్టపెట్టె తెచ్చి ఆయన చేతికిచ్చింది. "సార్, ఈ బల్బు దానికి పనికిరాదండి. దీనిమీదే రాసుంది. వేరే బల్బు వేయించుకోండి."

"అక్షరాలు బాగా చిన్నవి" అన్నాడాయన, పెట్టె వెనక్కిస్తూ.

మధ్యాహ్నానికల్లా మీటా, బల్బూ, రెక్కలూ అన్నీ కలిపి చీఫ్ ఇంజనీరుగారి బంగళాకి తరలిపోయాయి. హాలు గోడకి ఉత్త తీగలు మిగిలాయి. అక్కడ ఫ్యాను లేకపోయేసరికి ఆ చోటు తిరిగి వెలుతురు విభాగానికి దక్కింది. అనంతశయనం మనుషులొచ్చి పాత నొక్కుడు స్విచ్చి బిగించి, స్టోర్సు నుంచి తెచ్చిన మామూలు బల్బు పెట్టారు. ఖాళీ చెయ్యమన్న నోటీసు రద్దైంది. ఫ్యాను మీద సంజాయిషీ కూడా ఫ్యానుతోపాటే వెళ్ళిపోయింది. ఈలోగా డాక్టరు నాంచారమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, "ఇంక ఎంత వెలుతురైనా ఫర్వాలేదమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం ఆవిడ హాలు నడిమధ్య కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరింది. రాళ్ళు అన్ని ఉంటాయని తనకి ఇన్నాళ్ళూ తెలీదంది. కోడలికి చెప్పినట్టు కాకుండా పప్పుకి చెప్పినట్టు, "మంచిపనే చేయించింది" అంది. ముక్తేశ్వరి వినిపించుకోనట్టు వంటింట్లోకి వెళ్ళి, కాసేపు ఏ పనీ లేకుండా అక్కడే నిలబడింది.

తరవాత కొన్నాళ్ళకి బంగళా నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా ముక్తేశ్వరీ, వామనమూర్తిని." గొంతు అలిసిపోయినట్టుంది. ఆయన వెనకాల ఎక్కడో జుమ్మని రొద వినిపిస్తోంది. "ఈ ఫ్యాను మా హాల్లో పెట్టించామమ్మా. మిణుకుమిణుకుమంటోంది."

"బల్బు మార్చాలండి. ఆవేళ చెప్పాను కదండీ."

"చెప్పావు. కానీ ఇది ఫ్యాను అని తేల్చి సంతకం పెట్టింది నేనే. ఫ్యానులో బల్బు వెయ్యమని ఎలా రాయను? రాస్తే విచారణ తప్పని తేలుతుంది. పైగా ఇది చలికాలం కదా, దైవాధీనం వచ్చి సీలు వేసి వెళ్ళాడు. అతన్ని తప్పుపట్టలేను, ఆదేశం నాది. సీలు వేసినా కొద్దిగా వెలుగుతూనే ఉంది. దానికి నాకు నోటీసు వచ్చింది."

"మీకు నోటీసు ఎవరిచ్చారండి?"

"ఫైలు నా బల్లమీదికే వచ్చిందమ్మా. నేనే సంతకం పెట్టాను." అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "హాల్లో లైటు లేదని ఇల్లు ఖాళీ చెయ్యమని ఇంకోటి కూడా వచ్చింది. విచారణ వేశాను. ఆ ఫ్యాను ఇంతకుముందు వాడినదానివి కాబట్టి నువ్వు సాక్షిగా రావాలి."

విచారణ రోజున ముక్తేశ్వరి బంగళాకి వెళ్ళేసరికి అనంతశయనం, దైవాధీనం అప్పటికే గుమ్మం ముందు చేతులు కట్టుకుని ఉన్నారు. కాసేపటికి ఆఫీసు కారు వచ్చి ఆగింది. వామనమూర్తి దిగి, చొక్కా సర్దుకుని, తన ఇంటి గంట తనే కొట్టాడు. ఆయన భార్య సుభాషిణిగారు తలుపు తీసి, భర్తని పైనుంచి కిందదాకా చూసి, పక్కకి తప్పుకుంది. ఆయన చెప్పులు విప్పి లోపలికి వచ్చి, రెక్కల కిందకి వెళ్ళి నిలబడ్డాడు. మూడు నీడలు ఆయన మొహం మీద పడ్డాయి.

"ఈ ఫ్యానుకి సంజాయిషీ ఇవ్వవలసిన వ్యక్తి ఎవరు?" అని అడిగాడు.

"ఇంటి యజమాని సార్" అన్నాడు దైవాధీనం.

"పిలవండి."

దైవాధీనం అనంతశయనం వైపు చూశాడు. అనంతశయనం ముక్తేశ్వరి వైపు చూశాడు. ముక్తేశ్వరి నేల చూసింది. ఎవరూ కదలకపోవడంతో వామనమూర్తి భార్య వైపు తిరిగాడు.

"ఆయన ఇంట్లో లేరండీ" అంది సుభాషిణిగారు. "ఆఫీసు పనిమీద వెళ్ళారు."

వామనమూర్తి జేబులోంచి పెన్ను తీశాడు. ఆ మసక వెలుతుర్లో కాగితాన్ని కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని, ఇంటి యజమాని అందుబాటులో లేనందున విచారణ వాయిదా వేస్తున్నట్టు రాసి, సంతకం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు.